వంటింట్లోకి ఏ ఫైర్ సిలిండర్ (మంటలార్పేది) కొనాలి? ఇరుకు సందులో ఉండేవాళ్లు ఏం చేస్తున్నారు?

మూలాపేట_మేడ: రెండంతస్తుల ఇల్లు, పైన అద్దెకిచ్చాం. సందు ఎనిమిదడుగులు. ఏబీసీ పౌడర్‌ది (చెక్క, నూనె, గ్యాస్ మంటలు మూడింటికీ పనికొచ్చేది) రెండు కిలోలు చాలా, నాలుగు కావాలా? ఫైరింజన్ లోపలికి రాకపోతే ఏంది దారి? మీటర్లన్నీ మెట్ల కిందే ఉండాయి, పర్లేదా?

స్టవ్_రిపేరు: అది తర్వాత కొందురు గానీ, ముందు గ్యాస్ ట్యూబు చూడండి సామీ. నారింజ రంగు సురక్ష ట్యూబే ఉండాల, మీటరున్నరకి మించకూడదు, ఐదేళ్లకి మార్చాల. గోడకి కన్నం కొట్టి ట్యూబు దూరుస్తారు చూడండి, చీలేది ఆ కన్నంలోనే, బయటికి కనపడదు. గ్యాస్ సిలిండర్ పిడి కింద పట్టీ లోపలివైపు బి-27 అని ఉంటే 2027 ఏప్రిల్-జూన్‌లో దాన్ని టెస్టుకి పంపాలని. ఎక్స్‌పైరీ కాదు. ప్రతోడూ అదే అడుగుతాడు.

కోవూరక్క: గ్యాస్ సిలిండరే అంటుకుంటే తడి గోనెపట్ట కప్పేయడమే. ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాల్లో చూపిస్తా ఉంటారు కదా.

వాల్వు_పిన్ను: సగం చూసి సగం చెప్పొద్దు అక్కా. పట్ట కప్పి మంట ఆర్పేసి గ్యాస్ ఆపకపోతే అప్పుడే అసలు ముప్పు. గ్యాస్ గాలి కన్నా బరువు. నేల మీద పాకి ఫ్రిజ్ దాకానో, దేవుడి దీపం దాకానో పోతుంది. గాలిలో ఇంచుమించు 2 శాతం కలిస్తే అంటుకుంటుంది. బయటికి మండే గ్యాస్ కన్నా గదిలో నిండిన గ్యాసే ప్రమాదం.

కోవూరక్క: అయితే ఫైరాఫీసు వాళ్లు చూపించేది తప్పా? మండతా ఉంటే చూస్తా కూర్చోవాల్నా?

వాల్వు_పిన్ను: కప్పొద్దన్నానా? కప్పిన చేత్తోనే రెగ్యులేటర్ ఆపమంటున్నా. ఇంటి సిలిండర్‌కి తిప్పే వాల్వు ఉండదు, స్ప్రింగు మీద పిన్ను ఉంటుంది. రెగ్యులేటర్ ఊడదీస్తే పిన్ను పైకొచ్చి మూసుకుంటుంది. పిన్ను ఇరుక్కుని రాకపోతే తాడుకి వేలాడే ప్లాస్టిక్ క్యాప్ బిగించి నొక్కాల. ఆ క్యాప్‌ని తాడు కోసి పిల్లకాయలకి ఆడుకోను ఇస్తారు మనోళ్లు.

హోస్_పట్టినోడు: ఇద్దరూ మంట ఎక్కడుందో అడగలా. ట్యూబు దగ్గరైతే రెగ్యులేటర్ నాబ్ ఆపితే చాలు. రెగ్యులేటర్‌కీ వాల్వుకీ మధ్యయితే లోపలి రబ్బరు రింగు పోయినట్టు. నాబ్ ఆపినా ఆగకపోతే, చెయ్యి పెట్టే వీలుంటేనే ఊడదీయాల. సిలిండర్ ఒంటికే మంట తగుల్తా ఉంటే పట్టా లేదు గిట్టా లేదు, అందర్నీ బయటికి పంపి 101. లోపల సిలిండర్ ఉందని ఫోన్‌లోనే చెప్పండి. వాసన ఒక్కటే అయితే బయటికొచ్చి గ్యాస్ లీకుల నంబరు 1906కి చెయ్యండి. స్విచ్ వేయొద్దు, ఆపొద్దు, రెంటికీ రవ్వ లేస్తుంది. ఈ ముక్క ముప్పై ఏళ్లు ఫైరింజన్ హోస్ పట్టినోడు చెప్తున్నాడు, ఇంక వాదన వద్దు.

పొదిలి_బ్యారన్: లోకంలో సిలిండర్లు తప్ప ఇంకేం కాలవా? మా వైపు కాలేది పొగాకు బ్యారన్లు, ఆకు కాల్చి ఎండబెట్టే గదులు. ఈనె ఎండబెట్టేటప్పుడు వేడి 160 ఫారన్‌హీట్ దాకా లేపుతాం, ఆకు పెళపెళలాడతా ఉంటుంది. కర్ర మీంచి ఒక్క ఆకు జారి పొయ్యి వేడి పోయే గొట్టం మీద పడిందా, అంతే. గొట్టాలపైన ఇనుప వల పరవండయ్యా అంటే దండగ ఖర్చంటారు. అంటుకున్నాక తలుపు తీసి చూస్తారు, అది ఇంకా తప్పు. గాలి దూరి బ్యారన్ మొత్తం ఒక్కసారే లేస్తుంది. పొయ్యిలో మంట లాగేసి, గాలి కిటికీలు మూసి ఫోన్ చేయాల.

మూలాపేట_మేడ: నేనడిగింది సందు గురించి అన్నా.

హోస్_పట్టినోడు: హోస్ ముక్కలు ఒకదానికొకటి తగిలించుకుంటా లోపలికొస్తారులే. సందు మొగన బైకులు పెట్టకుండా ఉంటే అదే పదివేలు. ఒకరు రోడ్డు మీద నిలబడి బండికి చెయ్యి చూపండి. మంటే అయితే వాళ్లొచ్చేలోపు కరెంటు మెయిన్ ఆపండి, గ్యాస్ వాసనుంటే మాత్రం ముట్టొద్దు.

ఎంసీబీ_చీరాల: మీటర్ల సంగతి ఎవరూ పట్టించుకోలా. అక్కడ అంటుకుంటే ఆ మెట్లే పొగగొట్టం, పైనోళ్లు దిగలేరు. ఆ బోర్డు కిందే స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్ పెడతారు చూడండి, దండం పెట్టాల. అది అంటుకుంటే మీ పౌడర్ దాన్ని ఆపలేదు, లోపలి వేడి తగ్గాలంటే నీళ్లు దండిగా కావాల. ఇంకోటి, ఎంసీబీ (లోడెక్కువైతే కరెంటు ఆపే బ్రేకరు) ఊరికే పడిపోతుందని 10 ఆంపులది తీసి 32ది వేయిస్తారు. వెనక వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లదే. ఇంక కాలేది వైరే. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపుల ఎంసీబీ, మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది) పెట్టించండి. వదులైన స్క్రూ కాగేది ఏ బ్రేకరుకీ తెలీదు, ప్లగ్గు గోధుమరంగు తిరిగిందంటే మార్చేయండి.

స్టవ్_రిపేరు: రెండు కిలోలది పది సెకన్లకి అటూ ఇటూ అయిపోతుంది. నాలుగు కొనండి. స్టవ్ పక్కన కాదు, వంటింటి గుమ్మం బయట తగిలించండి. దాని గేజి ముల్లు పచ్చలో ఉందా నెలకోసారి చూడండి. నూనె మూకుడు మంటకి మాత్రం స్టవ్ ఆపి మూత పెట్టండి చాలు. పౌడర్ దగ్గర్నుంచి కొడితే నూనె చిందుతుంది, నీళ్లు పోస్తే మంట కప్పుకి తగుల్తుంది.

కోవూరక్క: క్యాప్ అన్నారే, మా సిలిండర్‌కి లేదు. ఏజెన్సీలో అడిగితే ఇస్తారా?

వాల్వు_పిన్ను: సీల్ తెంపగానే ఉండేది అదే అక్కా. ఈసారి వచ్చినప్పుడు కుర్రోడి ముందే సీల్ తీయించి, క్యాప్ ఉందా, సబ్బునీళ్లు పోస్తే బుడగలు వస్తా ఉండాయా చూడండి. అప్పటిదాకా పట్ట సంగతి మర్చిపోండి.

కోవూరక్క: మర్చిపోను.