హిరోషిమా నడక ఎక్కడ మొదలవ్వాలి: డోమ్ దగ్గరా, కోట దగ్గరా?

బాటసారి
హిరోషిమాకు తెలుగువాళ్ల బృందాలను తీసుకెళ్లేవారు దాదాపు అందరూ ఒకటే దారి పడతారు. అణుబాంబు డోమ్ (బాంబు తర్వాత శిథిలంగా మిగిలిన భవనం), పిల్లల శాంతి స్మారకం, శాంతి జ్యోతి, మృతుల స్మారక కమాను, చివర్న మ్యూజియం. మొత్తం కిలోమీటరు లోపే, రెండు గంటల్లో అయిపోతుంది. ఇది చాలదని నా వాదన. కోట ఆవరణలో మొదలుపెట్టి, పక్కనున్న మొటొమాచి అనే పేట ఇళ్ల మీదుగా నది గట్టున దిగి, అయోయ్ వంతెన దాటి డోమ్ చేరాలి. మ్యూజియం కాకుండా మూడు గంటలు పడుతుంది.

ఎందుకంటే ఇది సైన్యం నగరం. 1894లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు చక్రవర్తి సైనిక ప్రధాన కేంద్రాన్నే టోక్యో నుంచి ఈ కోటలోకి తెచ్చారు. ఆ భవనం పునాది రాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఉజినా రేవులో సైన్యం ఓడలెక్కేది. 1945లో పశ్చిమ జపాన్ రక్షణ బాధ్యత మోసిన రెండో జనరల్ ఆర్మీ కేంద్రం కూడా ఈ ఊరే. ఇవేవీ చెప్పకుండా డోమ్ ముందు నిలబెడితే, బాంబు పడిన ఆగస్టు 6 ఉదయం 8:15కి ముందు ఊరికి చరిత్రే లేదనిపిస్తుంది.

కొలబద్ద
బాటసారి గారూ, మీరు చెప్పిన విషయాలు నిజమే, వరుసతోనే నాకు పేచీ. మొదటి గంటంతా సైన్యం గురించి వింటే, డోమ్ దగ్గరికి వచ్చేసరికి సగం మంది మనసులో "అందుకే వేశారు" అన్న తీర్పు కూర్చుని ఉంటుంది. ఆ తీర్పు పడ్డాక ఇక ఏం చెప్పినా ఎక్కదు.

1945 చివరికి చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది. వాళ్లలో బడిపిల్లలు ఎంతమందో చూడండి. విమానదాడుల్లో మంటలు పాకకుండా ఊరి మధ్య ఇళ్లు కూల్చి ఖాళీ జాగా చేసే పనికి 12, 13 ఏళ్ల పిల్లల్ని పిలిపించారు. ఆ ఉదయం ఆరుబయట నిలబడి పనిచేస్తున్న ఆ పిల్లల్లో సుమారు 6,000 మంది పోయారు. ఇప్పుడు ఈ స్మారకాలున్న శాంతి పార్కుకి దక్షిణాన 100 మీటర్ల వెడల్పున కనిపించే శాంతి బులెవార్డు అలా కూల్చిన జాగా మీద వచ్చిందే. సైనిక నగరం అంటే ఏమిటో చెప్పడానికి కోట కంటే ఆ రోడ్డే మంచి చోటు. అక్కడైతే సైన్యమూ, చచ్చిపోయిన పిల్లలూ ఒకే మాటలో వస్తారు.

ఇంకో సంగతి. మ్యూజియం వాళ్లు 2019లో ప్రధాన భవనాన్ని కొత్తగా అమర్చినప్పుడు కూడా ముందు మనుషుల్నే పెట్టారు. చనిపోయినవాళ్ల బట్టలు, మాడిన టిఫిన్ డబ్బా, మూడు చక్రాల సైకిలు చూశాకే తూర్పు భవనంలో నగర చరిత్ర వస్తుంది.

బాటసారి
ఆ చరిత్ర భాగం దాకా ఎంతమంది చూపు నిలుస్తుంది కొలబద్ద గారూ? ప్రధాన భవనం దాటేసరికి చాలామందికి ఇక చదివే ఓపిక ఉండదు. బెంచీ వెతుక్కుంటారు, లేదా నేరుగా కిందికి దిగిపోతారు. చివర్న పెట్టింది ఎక్కువగా వదిలేసిందే అవుతుంది.

మీరు మొటొమాచిని పక్కన పెట్టేశారు. నా దారిలో కీలకం అదే. యుద్ధం దాకా అది సైన్యం భూమి. బాంబు తర్వాత ఇళ్లు పోయినవాళ్లకు 1946 నుంచి అక్కడ తాత్కాలిక గృహాలు కట్టారు. పక్కనే నది గట్టు పొడవునా జనమే రేకులతో, చెక్కలతో గుడిసెలు వేసుకున్నారు. "అణు మురికివాడ" అని పేరు పడింది. 1969 నుంచి 1978 దాకా ఎత్తైన అపార్టుమెంట్లు కట్టి ఆ కుటుంబాలకు ఇచ్చారు. ఈ చోటు బాగుపడనిదే హిరోషిమాకు యుద్ధానంతర కాలం ముగిసినట్టు కాదన్న అర్థంతో అక్కడ ఒక శిల కూడా ఉంది. డోమ్‌కు ఉత్తరాన కిలోమీటరు దూరంలో, పచ్చగడ్డి గట్టు మీద నడుస్తూ ఇది చెప్పొచ్చు. శాంతి పార్కు చూస్తే 1950లలోనే ఊరు కోలుకుందనిపిస్తుంది. మొటొమాచి చూస్తే ఆ లెక్క మారిపోతుంది.

నీడపట్టు
వాదన ఎటు తేలినా, నడిపించేవాళ్లు చూసుకోవాల్సినవి ఉన్నాయి.

పేలుడు కేంద్రం దగ్గర అసలు ఇబ్బంది. బాంబు సుమారు 600 మీటర్ల ఎత్తున, షిమా ఆసుపత్రి మీద పేలింది. డోమ్ నుంచి అక్కడికి 160 మీటర్లు. అదొక సన్నని వీధి, పక్కన చిన్న ఫలకం, ఇప్పటికీ నడుస్తున్న వైద్యశాల. 12 మంది కంటే ఎక్కువైతే రోగులకు దారి ఉండదు. చెప్పాల్సిందంతా డోమ్ దగ్గరే చెప్పేసి, ఇక్కడ రెండు నిమిషాలు ఆగి తలెత్తి చూడమనండి, చాలు. పేలుడు దాదాపు నడినెత్తి మీద జరిగింది కాబట్టే డోమ్ నిలువు గోడలు కొన్ని నిలబడ్డాయన్న సంగతి అక్కడ ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

మొటొమాచి అంటే జనం కాపురాలు. మెట్లెక్కొద్దు, బాల్కనీల ఫోటోలు తీయొద్దు, మైకు కట్టేయండి. గట్టు మీంచి చూపిస్తే సరిపోతుంది.

జూలై, ఆగస్టుల్లో కోట నుంచి మొదలుపెడితే 8 గంటలకల్లా బయల్దేరాలి. కోట రెండో ప్రాకారంలో బాంబును తట్టుకున్న యూకలిప్టస్ ఉంది, పేలుడు కేంద్రం నుంచి 740 మీటర్లు. మొదటి మాటలు ఆ చెట్టు దగ్గరే చెప్పండి. అక్కణ్ణుంచి అయోయ్ వంతెన దాకా గట్టు మీద నీడ తక్కువ. తర్వాత కూర్చోబెట్టడానికి పార్కులోని రెస్ట్ హౌస్ ఉంది. అదీ బాంబు దెబ్బ తిన్న భవనమే. ఆగస్టు 6 ఉదయం మాత్రం ఈ నడక పెట్టుకోవద్దు. స్మారక సభ కోసం పార్కులో ప్రవేశానికి ఆంక్షలుంటాయి.

కొలబద్ద
మొటొమాచి విషయం ఒప్పుకుంటున్నాను, గట్టు మీద నడక పెట్టండి. కోటను మాత్రం పది నిమిషాలకు మించనివ్వకండి. సైన్యం గురించి మాట్లాడితే కొరియన్ల గురించి మాట్లాడకుండా దాటకూడదు. కొరియా మీద జపాన్ వలస పాలన కాలంలో వచ్చి ఇక్కడ పనిచేసిన వేలమంది ఆ రోజే పోయారు. 1970లో కట్టిన వాళ్ల స్మారకం పార్కు బయట ఉండేది, 1999లో గానీ లోపలికి రాలేదు. పిల్లల స్మారకం దగ్గర బాంబు రేడియేషన్ వల్ల లుకేమియాతో చనిపోయిన బాలిక సడాకో కథకు 15 నిమిషాలిచ్చేవాళ్లు ఇక్కడ ఆగనే ఆగరు. నాకు అది చాలా బాధ కలిగించే విషయం.

కోలుకోవడం గురించి చెప్పడానికి పాత బ్యాంక్ ఆఫ్ జపాన్ శాఖను వదలొద్దు. పేలుడు కేంద్రం నుంచి 380 మీటర్లు. కింది రెండు అంతస్తుల షట్టర్లు మూసి ఉండటంతో లోపల కాలలేదు, తెరిచి ఉన్న మూడో అంతస్తు కాలిపోయింది. రెండు రోజులకే, ఆగస్టు 8న, మళ్లీ లావాదేవీలు మొదలయ్యాయి. ట్రాములు కూడా 9న కొంత మేర కదిలాయి. కానీ ఇవి చెప్పి "చూశారా, ఎంత త్వరగా లేచారో" అని వదిలేయడం తప్పు. అదే వారంలో బ్యాంకు చుట్టుపక్కల జనం ఇంకా చనిపోతూనే ఉన్నారు. మొటొమాచి చివరి గుడిసెలు పోవడానికి 30 ఏళ్లు పట్టింది. బ్యాంకు తెరిచిన తేదీ, ఆ గుడిసెలు పోయిన సంవత్సరం రెండూ ఒకే చోట, ఒకే ఊపిరిలో చెప్పాలి.

నీడపట్టు
అలాగైతే బ్యాంకును రెస్ట్ హౌస్ తర్వాత కాకుండా, కేంద్రం దగ్గర్నుంచి నేరుగా వెళ్లేలా పెట్టండి. దక్షిణానికి కాస్త దూరమే. తర్వాత కొలబద్ద గారు చెప్పిన బులెవార్డు మీదుగా పడమటికి తిరిగితే మ్యూజియం పక్కకే వస్తారు. మొటొమాచి మాట అప్పటికి గంట పాతబడుతుంది కాబట్టి, 1978 అన్న సంవత్సరాన్ని బ్యాంకు గుమ్మం ముందు మళ్లీ గుర్తుచేయాలి.