‘కాచి యతుకవచ్చు’నా, ‘కాచి యతుకనేర్చు’నా?

పెన్నఒడ్డు (జమ్మలమడుగు): వచ్చే వారం మా కాలేజీలో ఉక్కు పరిశ్రమ, దేశ స్వావలంబన మీద మాట్లాడాల. వేమన ‘ఇనుము విరిగెనేని యినుమాఱు ముమ్మాఱు’ పద్యంతో మొదలుపెడదామంటే రెండో పాదం దగ్గర ఆగిపోయినా. నోటికి వచ్చేది ‘కాచి యతుకవచ్చుఁ గ్రమముగాను’. చిన్నప్పుడు మా అయివారు చెప్పిన దాంట్లో మాత్రం చివర ‘కమ్మరీడు’ అని ఉండేది. దానికి ముందు మాట ఏమిటో ఎవరికైనా గుర్తుందా?

బండిమెట్ట (కర్నూలు): ‘కాచి యతుకనేర్చు కమ్మరీడు’. రెండు పాఠాలూ జనంలో ఉన్నవే. ఛందస్సుతో తేలే తగాదా కాదిది. ఆటవెలది సరిపాదానికి ఐదు సూర్యగణాలు రెండింట్లోనూ కుదురుతాయి, యతి కూడా ‘కా’కు ఒకచోట ‘గ్ర’, ఇంకోచోట ‘క’. ‘వచ్చుఁ గ్రమము’లో సంయుక్తాక్షరం ముందున్న ‘చ్చు’ తేలికగా పలికితే చాలు.

కదిరిమల్లె (అనంతపురం): యతిగణాలు కుదరడం సరేనండీ, మూడో పాదం చూడండి. ‘మనసు విరిగెనేని మఱియంట నేర్చునా’. పైన ‘నేర్చు’ ఉంటేనే కింద ‘నేర్చునా’ అన్న ప్రశ్నకు బలం. కమ్మరికి చేతనవుతుంది, మనసుకు చేతనవుతుందా అని. ‘వచ్చు’ పెడితే ఆ జంట తెగిపోతుంది. ‘క్రమముగాను’ నాకు వట్టి పాదపూరణ.

బండిమెట్ట: ఆ జంటే నాకు అనుమానం. కింది పాదంలో ‘నేర్చునా’ కంట్లో పడి రాయసగాడు పైన కూడా అదే దించి ఉండొచ్చు. తాళపత్రాల్లో ఇట్లాంటివి కొల్లలు. వేమన పద్యాలకు పాఠాలు ఎన్ని ఉంటాయో చెప్పాలా? బ్రౌన్ 1829లో అచ్చేసినవి 693, పదేళ్ళకు 1839లో వేసేనాటికి 1164. ఏరిన కొద్దీ పద్యాలూ పెరిగినాయి, పాఠాలూ పెరిగినాయి.

కొలిమిసాల (ఆళ్లగడ్డ): పుస్తకాల సంగతి మీరు చూసుకోండి, పని సంగతి నేను చెప్తా. మా తాత కొలిమి నడిపినోడు. విరిగిన ఇనుమును అతకాలంటే రెండు కొసలూ తెల్లగా మెరిసేదాకా కాచాల. మీద ఇంత ఇసక చల్లాల, అది కరిగి మష్టును పట్టుకుని జారిపోతాది. అప్పుడు దాగలి మీద ఒకదాని మీద ఒకటి పెట్టి సమ్మెటతో కొట్టాల. ఒక్క కాపుతో పని కాదు, చల్లారితే మళ్ళా కొలిమిలోకే. అందుకే ‘ఇనుమాఱు ముమ్మాఱు’. తెలుపు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు మీరిందో కంటితో పట్టాల. ఇది ‘క్రమముగాను’ అని ఎవరో చెప్తే వచ్చే పని కాదు, నా ఓటు కమ్మరీడుకే. ఇంకోటి, వేమన ఇనుము అన్నాడు, ఉక్కు అనలేదు. ఉక్కుకు కాపు ఎక్కువైతే సమ్మెట కిందనే పొడి పొడి అయితాది.

పెన్నఒడ్డు: అన్నా, నాకు కావల్సిన మాట దొరికింది. మా జిల్లా ఉక్కు ఫ్యాక్టరీ మాట 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లోనే ఉంది, ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు చూడమని. శంకుస్థాపనలు 2007లో జమ్మలమడుగు దగ్గర, 2018లో కంబాలదిన్నెలో, 2019లోనూ 2023లోనూ సున్నపురాళ్లపల్లెలో. ‘అతుకవచ్చు’ అన్న మాట మేము పదే పదే విన్నాం. ఎవరు అతుకుతారు అన్నదే నా ప్రశ్న. కర్తలేని వాక్యంతో ఫ్యాక్టరీ రాదు.

ఎర్రమల (నంద్యాల): ఆవేశం సరే తమ్ముడూ, ‘క్రమముగాను’ను పాదపూరణ అని తీసిపారేస్తే ఎట్లా? పారిశ్రామిక విధానమంటేనే ఏది ముందు, ఏది తర్వాత అన్న లెక్క. ఖనిజం, నీళ్ళు, కరెంటు, రైలు పట్టా, సరుకు కొనేవాడు. ఇంతా చేసి బొగ్గు? మన ఫర్నేసుల్లో పోసే కోకింగ్ బొగ్గులో అధికభాగం దిగుమతే, అందులో ఆస్ట్రేలియా వాటా పెద్దది. క్రమం తప్పితే ఎంత నేర్పున్న కమ్మరైనా చల్లని కొలిమి ముందు కూర్చోవాల్సిందే.

కదిరిమల్లె: ఎర్రమల గారూ, క్రమం మాత్రమే ఉండి కమ్మరి లేకపోతే ఏమవుతుందో బొకారో ఉక్కు ఫ్యాక్టరీ చెప్పింది. 1963లో అమెరికా సాయం తప్పిపోయాక సోవియట్లు వచ్చారు, మంచిదే. కానీ మన దస్తూర్ కంపెనీ ఇంజనీర్లు అప్పటికే నివేదిక తయారుచేసి పెట్టుకున్నారు. దాన్ని పక్కకు నెట్టి సోవియట్లు తమ నివేదికతోనే కట్టారు. ఫ్యాక్టరీ మనది, నేర్పు వాళ్ళది. పాత తెలుగులో ‘నేర్చు’ అంటే అభ్యసించడమూ, చేయగలగడమూ రెండూ. ‘నేరడు’ అంటే చేతకాదు. అందుకే ఆ ఒక్క మాట వదలబుద్ధి కావడం లేదు నాకు.

బండిమెట్ట: అమ్మా, ‘నేర్చు’ అర్థం మీద తగాదా లేదు. పద్యంలో అది ఉందా లేదా అన్నదే తగాదా.

కదిరిమల్లె: అయితే ఇది వినండి. మకుటంలోని అభిరాముడు వేమన స్నేహితుడైన కంసాలి అని ఒక ఐతిహ్యం ఉంది కదా. బంగారం చేసే విద్య కోసం వేమన తిరిగాడని కూడా చెప్పుకుంటారు. కొలిమి పక్కన కూర్చున్న కవి ‘క్రమముగాను’ అని గాలిమాట రాస్తాడా? మా రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1928లో వేమన మీద ఇచ్చిన ఉపన్యాసాలు చదివితే ఈ కవి నుడికారం ఎంత చెయ్యి తిరిగిందో తెలుస్తుంది. వేమన సమాధి కూడా మా కదిరి పక్కన కటారుపల్లెలోనే.

పెన్నఒడ్డు: సమాధి మీది, సరే. ఆయన పద్యాలు పోగుచేసిన బ్రౌన్ బంగళా మా కడపది.

కొలిమిసాల: ‘ఇనుమాఱు’ గురించి ఒక్క మాట. రాకెట్‌కు పెట్టే క్రయోజెనిక్ ఇంజన్ సంగతి చెప్పు తమ్ముడూ నీ ఉపన్యాసంలో. రష్యా విద్య ఇస్తానని ఒప్పుకుని, అమెరికా వత్తిడికి 1993లో వెనక్కి తగ్గింది. తయారైన ఇంజన్లు ఏడు ఇచ్చింది గానీ ఎట్లా చెయ్యాలో చెప్పలేదు. మనవాళ్ళు సొంతంగా చేసుకుని 2010 ఏప్రిల్లో ఎగరేస్తే సముద్రంలో పడింది. 2014 జనవరి 5న శ్రీహరికోటలో నిలబడింది. మళ్ళా కాచినారు, మళ్ళా కొట్టినారు.

ఎర్రమల: మన పక్కన తుమ్మలపల్లె ఉండగా అంత దూరం ఎందుకు? అక్కడి యురేనియం సున్నపు జాతి రాతిలో ఉంది, ఆమ్లం పోస్తే రాయే తాగేస్తుంది. అందుకని క్షారంతో, ఒత్తిడి మీద దాన్ని రాబట్టే పద్ధతిని మనవాళ్ళే తయారుచేసినారు. నేర్పు ఉంది, ఒప్పుకుంటా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ నీళ్ళ గోడు కూడా ఉంది. అది క్రమం తప్పిన చోటు. ఉపన్యాసంలో ఈ రెండోదాన్ని దాటేయొద్దు.

పెన్నఒడ్డు: దాటేయను సార్. పద్యం మాత్రం ‘నేర్చు’తోనే చదువుతా. శనివారం కడప పోయి బ్రౌన్ గ్రంథాలయంలో పాత అచ్చులు చూసి ఇక్కడే రాస్తా.

బండిమెట్ట: చూసేటప్పుడు మూడో పాదం కూడా దించుకో. అందరూ వదిలేసింది అదే. అక్కడ ‘అంటు’ అకర్మకం, మనసు తనంతట తాను అంటుకోవాల. పైన ‘అతుకు’ మాటకేమో రెండు ప్రయోగాలూ ఉన్నాయి. కమ్మరీడు ఉంటే అది సకర్మకం, ‘వచ్చు’ ఉంటే ఇనుమే అతుక్కోవచ్చు. అప్పుడు కదిరి అమ్మ చెప్పిన జంట ‘వచ్చు’ పాఠంలోనే బాగా కుదరదా?

కదిరిమల్లె: కుదరదు. ‘కాచి’ ఎవరు కాచినట్టు మరి? ఇనుము తనను తాను కాచుకుందా?