దరఖాస్తులో కులం గడిని ఖాళీగా వదిలేయాలా?

మంజీర:
జనన నమోదు దరఖాస్తులో ‘కులం లేదు, మతం లేదు’ అని రాసుకునే వీలు కల్పించమని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఏ మతమూ వద్దనుకోవడం కూడా రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛలో భాగమే. కొత్తగా తల్లిదండ్రులయ్యేవాళ్లంతా దీన్ని వాడుకోవాలంటాను. బడిలో చేర్చిన రోజు రాయించిన కులమే టీసీలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత ప్రతి కాగితమూ దాన్నే పట్టుకుంటుంది.

గోదారిగట్టు:
మంజీర గారూ, ఓసీ పిల్లలకు ఆ గడి ఖాళీగా ఉన్నా పెద్దగా పోయేదేమీ లేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల సంగతి వేరు. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం ప్రకారం ఫలానా కులమని నిరూపించుకునే భారం దరఖాస్తుదారుదే. మీసేవలో అర్జీ పెడితే తహశీల్దారు కార్యాలయం ముందు అడిగేది టీసీ, ఇంట్లోవాళ్ల పత్రాలు. టీసీలో కులం లేకపోతే విచారణ సాగుతుంది. ఈలోగా కౌన్సెలింగ్‌లో పత్రాల పరిశీలన గడువు దాటితే రిజర్వుడు సీటు పోయినట్టే. వివక్షకు విరుగుడుగా ఇచ్చిన కాగితాన్ని ముందు వాళ్లనే వదులుకోమనడం అన్యాయం.

తుంగభద్ర:
గోదారిగట్టు గారి మాటే నాదీ. వదలాల్సింది పేరు చివరి తోక. రెడ్డి, చౌదరి, శర్మ లాంటివి తీసేయాలంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) వెళ్లేలోపే బడి రిజిస్టర్‌లో మార్పించాలి. మెమో వచ్చాక అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ అంటూ తిరగాలి. ఆధార్, పాన్, పాస్‌పోర్టుల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా పని ఆగుతుంది.

గోదారిగట్టు:
తోక తీసినా ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, చివరికి ‘మీరేమిట్లు?’ అనే అడుగుతారు. కులాన్ని తరం నుంచి తరానికి నిలబెడుతున్నది పెళ్లి. యువత చేతిలో అసలు బలం ఉన్నదీ అక్కడే. అయితే తెలిసి దిగాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోబోతున్నామనే నోటీసు బోర్డుకెక్కి 30 రోజులు ఉంటుంది, పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి. ఇంట్లోవాళ్ల కంట పడేది ఆ నోటీసే. ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా 1955 హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుని రిజిస్టరు చేయించుకోవచ్చు, ఆ నెల రోజుల నోటీసు ఉండదు.

మంజీర:
మరి వాళ్ల పిల్లలకు ఏ కులం రాయాలి?

గోదారిగట్టు:
తండ్రి కులమే అనుకోవడం రివాజు. తల్లి ఎస్సీ లేదా ఎస్టీ అయి, బిడ్డ ఆ సమాజంలోనే ఆ వివక్ష మధ్యే పెరిగినట్టు ఆధారాలుంటే తల్లి కులం పొందవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి ఇళ్లవాళ్లు గడి ఖాళీగా వదలకుండా తల్లి ధ్రువపత్రం, బిడ్డ పెరిగిన చోటి ఆధారాలు మొదటి నుంచే దాచుకోవాలి.