కె-మీన్స్ గుంపులన్నీ నీలి రంగులోనే వస్తున్నాయి, రంగులు విడగొట్టేదెట్లా?

తోతాపురి_చిత్తూరు
బంగారుపాళ్యం వైపు తోటల మామిడి డేటా. ఒక్కో కాయకీ బరువు గ్రాముల్లో, తీపి బ్రిక్స్‌లో (రసంలో చక్కెర కొలత) ఉంది. తోతాపురి, నీలం, బేనిషా మూడు రకాలూ కలిసే ఉన్నాయి. ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష)లో కె-మీన్స్ (దగ్గరి విలువలున్నవాటిని గుంపులు చేసే పద్ధతి)తో మూడు గుంపులు చేసి, ఎక్స్ మీద బరువు, వై మీద బ్రిక్స్ పెట్టి జీజీప్లాట్2 (ఆర్‌లో బొమ్మలు గీసే ప్యాకేజీ)లో గీస్తే అన్నీ నీలి రంగు ఛాయలే. పైగా గుంపులు నిలువుగా కోసినట్టున్నాయి. రన్ చేసిన ప్రతిసారీ రంగులు తారుమారవుతున్నాయి.

అలిపిరి_ఆర్
నీలి రంగుకు కారణం చిన్నదే. కె-మీన్స్ ఇచ్చే 1, 2, 3 అంకెలు కాబట్టి జీజీప్లాట్ వాటిని కొలతలనుకుని ముదురు నుంచి లేతకు పోయే స్కేలు వేస్తుంది. కలర్ = ఫ్యాక్టర్(క్లస్టర్) అని రాయండి, అప్పుడు వాటిని విడి గుంపు పేర్లుగా చూస్తుంది, విడి రంగులొస్తాయి.

అసలు తప్పు ఆ నిలువు కోతలో ఉందండీ. కాయల మధ్య బరువు తేడా వందల్లో, బ్రిక్స్ తేడా ఐదారుకు మించదు. దూరం లెక్కలో తేడాలను వర్గం చేస్తారు కాబట్టి బరువే మొత్తం మింగేస్తుంది, బ్రిక్స్ ఉన్నా లేనట్టే. రెండు కాలమ్‌లనూ ముందు స్కేల్() చేసి (సగటు 0, ప్రామాణిక విచలనం 1 అయ్యేలా మార్చి), ఆ తర్వాతే కె-మీన్స్‌కివ్వండి. గీసేటప్పుడు మాత్రం అసలు గ్రాములూ బ్రిక్సే పెట్టండి, లేకుంటే ఇరుసు మీద -1.5 చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు.

గణాంకాల_తిరుపతి
రంగులు మారేది గుంపుల మొదటి కేంద్రాలను యాదృచ్ఛికంగా ఎంచుకోవడం వల్ల. సెట్.సీడ్ పెట్టి (ప్రతిసారీ అదే ఎంపిక వచ్చేలా), ఎన్‌స్టార్ట్ (ఎన్ని ఆరంభాలతో ప్రయత్నించాలో) = 25 ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే అది 1, ఒక్క ఆరంభంతో నాసిరకం గుంపుల దగ్గరే ఆగిపోవచ్చు. అయినా గుంపు నంబరుకు అర్థమేమీ లేదు. సగటు బరువు ప్రకారం మీరే పేర్లు పెట్టుకుంటే రంగులు స్థిరంగా ఉంటాయి.

రంగు గుంపుకు, చుక్క ఆకారం మామిడి రకానికి ఇవ్వండి. ఏ రకం ఏ గుంపులో పడిందో ఒకే బొమ్మలో తెలుస్తుంది. ఆకారాలు ఆరు దాటితే మిగతా చుక్కలు గీయదు, మీకు మూడే కనక భయం లేదు.

తోతాపురి_చిత్తూరు
స్కేల్ చేశాక కోత పోయింది, థాంక్సండీ. కొన్ని కాయలకు బ్రిక్స్ ఖాళీ. ఆ ఖాళీలు (ఎన్ఏలు) తీసేసి గుంపులు చేస్తే, క్లస్టర్ కాలమ్ అసలు టేబుల్‌లో అతకడం లేదు.

అలిపిరి_ఆర్
వరుసల సంఖ్య తేడా వస్తుంది మరి. ఎన్ఏ.ఒమిట్ చేసిన టేబుల్‌నే పేరు పెట్టి దాచుకుని, క్లస్టర్ కాలమ్ దానికే చేర్చి, దాంతోనే గీయండి. చుక్కలు ఒకదానిమీదొకటి పడుతుంటే ఆల్ఫా 0.5 (సగం పారదర్శకం) చాలు. స్టాట్_ఎలిప్స్ (గుంపు చుట్టూ దీర్ఘవృత్తం) వేయాలనిపిస్తే వేయండి గానీ అది కె-మీన్స్ గీసిన సరిహద్దు కాదు.