మేషా శిలాశాసనాన్ని రాజుల రెండవ గ్రంథం 3వ అధ్యాయంతో ఎలా కలిపి చదవాలి?

ప్రశ్న

రాజుల రెండవ గ్రంథం 3వ అధ్యాయం చదివినప్పుడల్లా దాని చివరి వచనం దగ్గర నేను ఆగిపోతాను. ఇశ్రాయేలు రాజు యెహోరాము, యూదా రాజు యెహోషాపాతు, ఎదోము రాజు కలిసి మోయాబు మీదికి దండెత్తుతారు. ఎలీషా ప్రవక్త విజయం కలుగుతుందని చెబుతాడు. పట్టణాలు కూలుతాయి, నీటి ఊటలు పూడిపోతాయి, చివరికి కీర్హరెశెతు ఒక్కటే మిగులుతుంది. అంతలో మోయాబు రాజు మేషా తన పెద్ద కొడుకును ప్రాకారం మీద దహనబలిగా అర్పిస్తాడు. ఇశ్రాయేలీయుల మీదికి గొప్ప కోపం వస్తుంది, వారు వెనుదిరిగి పోతారు. ఆ కోపం ఎవరిదో వచనం చెప్పదు.

ఇదే మేషా స్వయంగా చెక్కించిన రాయి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నదని ఈ మధ్యనే తెలుసుకున్నాను. ఆ రాయి బైబిలు నిజమని రుజువు చేస్తున్నదని ఒకరు, బైబిలు కథనాన్ని తలకిందులు చేస్తున్నదని మరొకరు నాతో చెప్పారు. రెండు మాటలూ ఒకే రాయి గురించి ఎలా చెల్లుతాయి?

మొదటి జవాబు

ముందు రాయి ఏమి చెబుతున్నదో చూడాలి. రుజువుల సంగతి ఆ తరువాత. అది సుమారు మీటరుకు పైగా ఎత్తున్న నల్లని బసాల్టు రాయి. దాని మీద 34 పంక్తులు ఉన్నాయి. క్రీస్తు పూర్వం 840 ప్రాంతంలో చెక్కినదని పండితుల అంచనా. భాష మోయాబీ అయినా హీబ్రూకు ఎంత దగ్గరిదంటే, ప్రాచీన హీబ్రూ నేర్చుకున్నవారు కొద్దిపాటి శ్రమతో చదువుకోగలరు. మాటకూ మాటకూ మధ్య చుక్కలు, వాక్యాల చివర నిలువు గీతలు ఉన్నాయి.

"నేను మేషాను, మోయాబు రాజును, దీబోనువాడను" అంటూ శాసనం మొదలవుతుంది. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబును చాలా కాలం అణచివేశాడనీ, తమ దేవుడైన కెమోషు తన దేశం మీద కోపించినందువల్లనే అలా జరిగిందనీ మేషా చెబుతాడు. ఈ వాక్యాన్ని న్యాయాధిపతుల గ్రంథం పక్కన పెట్టి చదవండి. దేవుడు తన ప్రజల మీద కోపించి వారిని శత్రువుల చేతికి అప్పగించడం, తరువాత కనికరించి విడిపించడం అన్న వరుస అక్కడ ఇశ్రాయేలుకు ఎలా వర్తిస్తుందో, ఇక్కడ మోయాబుకు అలాగే వర్తిస్తున్నది.

ఇక నెబో పట్టణం సంగతి. వెళ్లి దానిని ఇశ్రాయేలు నుండి పట్టుకొమ్మని కెమోషు తనతో అన్నాడనీ, తాను రాత్రివేళ బయలుదేరి తెల్లవారినది మొదలు మధ్యాహ్నం దాకా పోరాడి దానిని పట్టుకున్నాననీ, ఏడు వేల మందిని చంపి వారిని అష్తారు కెమోషు అనే దేవతకు శపితం చేశాననీ, అంటే దేవతకు అర్పణగా పూర్తిగా నాశనం చేశాననీ మేషా రాయించాడు. యెరికో విషయంలో యెహోషువ గ్రంథం వాడిన మాట ఏ ధాతువు నుండి వచ్చిందో, ఇక్కడి మాట కూడా ఆ ధాతువు నుండే వచ్చింది. తరువాత 18వ పంక్తిలో, యెహోవా పాత్రలను తీసుకొని కెమోషు ఎదుటికి ఈడ్చుకొచ్చానని ఉంది. బైబిలుకు బయట ఇశ్రాయేలు దేవుని పేరు నిస్సందేహంగా కనిపించే అతి పాత రాతలలో ఇది ఒకటి. ఆ పేరును భక్తుడు రాయలేదు, దోచుకున్నవాడు రాశాడు. నా మట్టుకు ఈ రాయిలో అన్నిటికంటే విలువైనవి ఆ పేరులోని నాలుగు హల్లులే.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ, కాలం గురించి, భూగోళం గురించి కొంత కలుపుతాను.

ఒమ్రీ మేదెబా దేశాన్ని ఆక్రమించి, తన దినాలన్నిటా, తన కుమారుని దినాలలో సగం వరకూ, మొత్తం నలభై ఏళ్లు ఉన్నాడని రాయి చెబుతుంది. రాజుల గ్రంథంలోని లెక్క ప్రకారం ఒమ్రీ 12 ఏళ్లు, అతని కుమారుడు అహాబు 22 ఏళ్లు ఏలారు, నలభై రాదు. నలభై అన్నది ఒక తరాన్ని సూచించే గుండ్రని సంఖ్య అని కొందరు, కుమారుడన్న మాటకు వంశీయుడని అర్థం చెప్పుకోవాలని మరికొందరు అంటారు. అహాబు పేరు రాయిలో లేదు. మేషా తిరగబడింది అహాబు చనిపోయిన తరువాత అని బైబిలు చెబుతుంది. రాయి ఆ కుమారుని కాలం మధ్యలోనే విడుదల దొరికినట్లు మాట్లాడుతుంది. ఈ తేడాను దాచిపెట్టి రెండింటినీ అతికించడం నాకు ఇష్టం లేదు.

కానీ పటం తీసి చూడండి. రాయిలో మేషా గెలిచానని చెప్పుకొన్న అతారోతు, నెబో, యహసు అన్నీ అర్నోను నదికి ఉత్తరాన ఉన్నవే. బైబిలులో ముగ్గురు రాజులు ఉత్తరం నుండి రారు. మృత సముద్రానికి దక్షిణంగా ఎదోము అరణ్యం చుట్టి, ఏడు రోజుల ప్రయాణంలో నీళ్లు దొరకక అల్లాడుతూ వస్తారు. అంత కష్టమైన దారి ఎందుకు పట్టారు? ఉత్తరపు పట్టణాలు అప్పటికే మేషా చేతిలో ఉండి ఉంటే, ఆ ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది. ఇది ఊహే, అయినా పటం దీనికి బలమిస్తున్నది. దక్షిణాన జరిగిన ముట్టడిని రాయి ప్రస్తావించదు; ఉత్తరాన పోయిన పట్టణాలను బైబిలు ప్రస్తావించదు. ఎవరి నష్టాన్ని వారు చెప్పుకోలేదు.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పటం పెట్టుకొని మళ్లీ చదివాను. ఏడు రోజుల దారి ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్నది. ఒక్క ప్రశ్న మిగిలింది. ఈ రాయిలో "దావీదు ఇల్లు" అన్న మాట కూడా ఉన్నదంటారు. అది ఎంతవరకు నిలుస్తుంది?

మూడవ జవాబు

దానికి రాయి ఎలా పగిలిందో తెలియాలి. 1868లో క్లెయిన్ అనే మిషనరీ దీబోను శిథిలాల దగ్గర, అంటే నేటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో, దానిని చూసినప్పుడు అది దాదాపు పూర్తిగా ఉంది. తరువాత ఫ్రెంచి పండితుడు క్లెర్మాఁ గానో పంపిన మనిషి తడికాగితాన్ని రాయి మీద అద్ది అచ్చు తీస్తుండగా అక్కడ కొట్లాట జరిగింది. కాగితం ఇంకా తడిగా ఉండగానే లాగేయడంతో అది చినిగి ముక్కలైంది. 1869లో, రాయిని తమ దగ్గర నుండి లాక్కుంటారన్న కోపంతో అక్కడి బెదూయిన్లు దానిని నిప్పుతో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారు. ఆ తరువాత దొరికిన ముక్కలు సుమారు మూడింట రెండు వంతులు. మిగతా భాగాన్ని ఆ చినిగిన అచ్చు చూసి ప్లాస్టరుతో నింపారు.

మీరడిగిన మాట 31వ పంక్తిలో, సరిగ్గా చెడిపోయిన చోట ఉంది. 1994లో ఆంద్రే లెమేర్ అనే పండితుడు ఒక అక్షరాన్ని పూరించి దానిని "దావీదు ఇల్లు" అని చదివారు. 2019లో ఫింకెల్‌స్టైన్, నాఅమాన్, రోమెర్ అనే పండితులు ఆ అచ్చు ఫొటోలను పరిశీలించి, అక్కడ వాక్యాంతపు నిలువు గీత ఉన్నదనీ, దాని తరువాత మూడు హల్లుల పేరు మొదలవుతున్నదనీ, అది సంఖ్యాకాండంలో బిలాము ప్రవక్తను పిలిపించిన మోయాబు రాజు బాలాకు పేరు కావచ్చనీ ప్రతిపాదించారు. లెమేర్ పక్షం వారు కొత్త ఫొటోలతో తమ పాఠాన్నే మళ్లీ సమర్థించారు. కనుక దావీదు వంశం గురించి మాట్లాడదలచినవారు 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని తేల్ దాన్‌లో దొరికిన అరామిక్ శాసనాన్ని ఆధారం చేసుకోవడం మంచిది; అక్కడ ఆ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. చిరిగిన కాగితం మీద, ఒక్క అక్షరం మీద విశ్వాసాన్ని గానీ అవిశ్వాసాన్ని గానీ నిలబెట్టవద్దని నా మనవి.

రాయి చెడని చోట తీరిగ్గా చదవవలసినది ఎంతో ఉంది. ఖర్హో పట్టణంలో నీటి తొట్టి లేదనీ, ఎవరి ఇంట్లో వారు ఒక తొట్టి కట్టుకోండని ప్రజలందరితో చెప్పాననీ 24, 25 పంక్తులలో మేషా అంటాడు. అది చదివి, మోయాబు నీటి ఊటలన్నిటినీ పూడ్చివేస్తారని ఎలీషా చెప్పిన 19వ వచనానికి మళ్లీ వెళ్లండి.