వేటాడే జీవిని తీసేస్తే మిగతా జాతులు ఎందుకు తగ్గాయి?

తూనీగ:
ఎకాలజీ చదువుతూ ఒకచోట ఇరుక్కున్నాను, కాస్త చెప్పండి. రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1960లలో అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో కొంత రాతి మేర నుంచి స్టార్‌ఫిష్‌లను ఎప్పటికప్పుడు ఏరిపారేశాడు. అవి అక్కడి ప్రాణుల్ని తినేవే కదా, పోతే మిగతావన్నీ హాయిగా బతకాలి. బతకకపోగా 15 జాతులున్న చోట 8 మిగిలాయట! ఇంకో సందేహం, ఒకే తిండికి పోటీపడే రెండు జాతుల్లో ఒకటి పోక తప్పదంటారు, మరి దగ్గరి జాతులు పక్కపక్కనే బతుకుతూ కనిపిస్తాయేం?

అలల అంచు:
అక్కడ అసలు కొరత చోటుకండీ. మసెల్స్ అనే ఆల్చిప్పలు సన్నటి దారాల్లాంటి వాటితో రాతిని గట్టిగా పట్టుకుంటాయి, ఒకదాన్నొకటి ఆనుకుని గుత్తులుగా పెరుగుతూ, రాతికి అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు బార్నకిల్స్‌ను కూడా కప్పేస్తాయి. చోటు కోసం పోటీలో వాటికి ఎదురులేదు. స్టార్‌ఫిష్ వాటిని తింటూ ఉంటే నడుమ నడుమ ఖాళీ రాయి బయటపడుతుంది, మిగతా జాతులు బతికేది ఆ ఖాళీల్లోనే. స్టార్‌ఫిష్ పోయింది, మసెల్స్ రాయంతా ఆక్రమించాయి, చాలావాటికి నిలవనీడ లేకుండా పోయింది.

పచ్చనాచు:
నిజమే, కానీ వేటాడేది ఉంటే ఎక్కడైనా జాతులు పెరుగుతాయని మాత్రం అనుకోకండి. అది ఎవరిని తింటోందన్నదే ముఖ్యం. జేన్ లుబ్‌చెంకో అనే శాస్త్రవేత్త 1978లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ తీరంలో నాచు మేసే ఒకే నత్త రెండు చోట్ల రెండు ఫలితాలు ఇవ్వడం చూపించింది. ఆటు వేళ నీళ్ళు నిలిచే రాతి గుంటల్లో నత్తకు ఇష్టమైన మెత్తటి నాచే పోటీలో బలమైనది, అందుకని నత్తలు ఓ మోస్తరుగా ఉన్న గుంటల్లో నాచు రకాలు ఎక్కువ. గుంటల బయట రాళ్ళ మీద అలాంటి మెత్తటి నాచులే బలహీనమైనవి, నత్తలు వాటినే మేసేసరికి ఉన్న రకాలూ తగ్గాయి.

ఫించ్ ప్రియ:
మీ రెండో సందేహానికి నా జవాబు: పోటీలో ఓ జాతి పోవచ్చు, లేదా మారొచ్చు. గాలపగోస్‌లోని డాఫ్నీ మేజర్ దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఏళ్ళ తరబడి ఫించ్ పిట్టల ముక్కులు కొలిచారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయాయి, మధ్యరకం ఫించ్ అనే జాతిలో, మిగిలిన పెద్ద గట్టి గింజల్ని పగలగొట్టగల పెద్ద ముక్కువే ఎక్కువగా బతికాయి. 1982లో అంతకంటే పెద్ద ఫించ్ జాతి వచ్చి అక్కడే స్థిరపడింది. 2004-05 కరువులో గట్టి పల్లేరు కాయల్ని అది ఖాళీ చేసేయడంతో ఈసారి మధ్యరకంలో చిన్న ముక్కు పిట్టలు నెగ్గుకొచ్చాయి. అదే దీవి, అదే జాతి, అదే కరువు, పోటీదారు ఒకటి చేరినందుకే మార్పు ఎదురు దిక్కుకు తిరిగింది. నాకు ఎకాలజీలో ఇంతకంటే గొప్ప ఉదాహరణ కనిపించలేదు.

తూనీగ:
అబ్బ, ఇప్పుడు అర్థమైంది! మరి వేట కూడా ఇలా జాతిని మారుస్తుందా?

ఫించ్ ప్రియ:
మారుస్తుందండీ. ట్రినిడాడ్ వాగుల్లో గప్పీ చేపల్ని చూడండి. ఎదిగిన గప్పీలను తినే పెద్ద చేపలున్న చోట అవి చిన్న వయసులోనే, చిన్న సైజులోనే పిల్లల్ని పెట్టేస్తాయి. జాన్ ఎండ్లర్ 1976లో అలాంటి గప్పీలను ఆ పెద్ద చేపలు లేని వాగులోకి మార్చాడు, 11 ఏళ్ళ తర్వాత చూస్తే వాటి సంతతి ఆలస్యంగా, పెద్ద సైజుకు పెరిగాకే పిల్లల్ని పెడుతోంది. ల్యాబ్‌లో ఒకేలా పెంచి చూసినా ఆ తేడా పోలేదు, అంటే మార్పు వారసత్వంలోకి వెళ్ళిపోయింది.