హీరోగానే ఆగిపోవాలా, విలన్‌గా వచ్చినా పర్లేదా? (శోభన్‌బాబు / జగపతిబాబు)

మార్నింగ్ షో బ్యాచ్:
జగపతిబాబు ఇంటర్వ్యూలు వరసపెట్టి చూశా. డబ్బు పోగొట్టుకున్న సంగతి, లెజెండ్ సినిమాలో విలన్‌గా మారకముందు పనిలేక ఖాళీగా కూర్చున్న సంగతి ఏమీ దాచుకోకుండా చెప్తాడు. అంతవరకూ బాగుంది. కానీ శుభలగ్నం (1994), మావిచిగురు (1996) రోజుల్లో ఈయన్ని శోభన్‌బాబు తర్వాత శోభన్‌బాబు అనేవాళ్లు, లేడీస్ అంతలా వచ్చేవాళ్లు. అదే 1996లో అసలు శోభన్‌బాబు ఏం చేశాడు? తండ్రి, తాత వేషాలు నాకొద్దు, జనానికి హీరోగానే గుర్తుండాలని మేకప్ తీసేశాడు, 2008లో పోయేదాకా మళ్లీ వేసుకోలేదు. నా ఓటు ఆయనకే. ఒకప్పుడు మనం ఇష్టపడ్డ మొహాన్ని క్లైమాక్స్‌లో ఇంకో హీరో చితక్కొడుతుంటే చూడబుద్ధి కాదు.

నైజాం సెకండ్ షో:
అన్నా, ఇద్దరి జేబులు చూడకుండా ఎట్ల పోలుస్తవ్? శోభన్‌బాబు సంపాదించిందంతా మద్రాసులో భూముల మీద పెట్టిండు, తోటి నటులకు కూడా అదే చెప్పేటోడు. అతడు (2005)లో తాత వేషానికి ఖాళీ చెక్కు పంపినా వద్దన్నడని ఆ సినిమా నిర్మాత మురళీమోహనే చెప్పిండు. వద్దనడానికి పట్టుదల ఒక్కటే సరిపోదు, ఇంట్ల పైసలు ఉండాలె. జగ్గూభాయ్‌కి లేకుండె, వచ్చిన వేషం చేసిండు. అండ్ల చిన్నతనం ఏముంది?

గోదారి గట్టు:
ఇద్దర్నీ వదిలేయండి, ఈ "అన్నీ పోగొట్టుకుని నిలబడ్డాడు" కథే నాకు ఎక్కదు. దసరా బుల్లోడు తీసిన వి.బి.రాజేంద్రప్రసాద్ గారి అబ్బాయి, మొదటి సినిమా సింహస్వప్నం (1989) తీసింది కూడా నాన్నగారే. అలాంటివాళ్లు పడితే లేపడానికి పదిమంది ఉంటారు, లేచాక ఇంటర్వ్యూ తీసుకోడానికి ఇంకో పదిమంది వస్తారు. అదే యూనిట్‌లో లైట్‌బాయ్ అప్పులపాలైతే ఎవరైనా మైకు పెడతారా అండీ? ఆయన నిజాయితీని తప్పుపట్టట్లేదు, మనం దాన్ని త్యాగంలా చూడటమే చిరాకు.

రీలు డబ్బా:
@గోదారి గట్టు సగం ఒప్పుకుంటా. నాన్న మొదటి సినిమా ఇప్పించగలడు, గొంతు ఇప్పించలేడు కదండీ. మొదట్లో ఈయనకి వేరేవాళ్లు డబ్బింగ్ చెప్పేవాళ్లు, ఈ బొంగురు గొంతు హీరోకి పనికిరాదని. గాయం (1993)లో డైరెక్టర్ రామ్‌గోపాల్ వర్మ పట్టుబట్టి సొంత గొంతు వాడాడు, ఆ సినిమా ఇప్పుడు చూడండి, దుర్గ పాత్రని ఇంకొకరి గొంతుతో ఊహించుకోలేం. లెజెండ్ (2014) విలన్‌కీ, రంగస్థలం ప్రెసిడెంట్‌కీ, అరవింద సమేతలో బసిరెడ్డికీ సగం బలం ఆ గొంతే, మిగతా సగం రంగు వేయని జుట్టు. హీరోగా ఉన్నన్నాళ్లూ దాచమన్నవే విలన్‌కి ఆస్తి అయ్యాయి. లెజెండ్‌కి నంది కూడా ఇచ్చారు. మోహన్‌బాబు, శ్రీహరి విలన్ వేషాల నుంచి హీరోలైతే చప్పట్లు కొట్టాం, ఇటునుంచి అటు వెళ్తే మాత్రం పడిపోయినట్టా?

మార్నింగ్ షో బ్యాచ్:
గాయం విషయంలో నో ఆర్గ్యుమెంట్. కానీ లెజెండ్ తర్వాత తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం ఎక్కడ చూసినా అదే సూటు, అదే చుట్ట. మలయాళం పులిమురుగన్ (2016)లో ఈయన చేసిన విలన్ డాడీ గిరిజ వేరు, ఇక్కడి విలన్ వేరు అని ఎవరైనా చెప్పగలరా? డబ్బు అవసరం మొదటి రెండేళ్లకి సరే బ్రో, తర్వాత కూడానా?

రీలు డబ్బా:
సూటు, చుట్ట రాసేది డైరెక్టర్లు. శ్రీమంతుడు (2015)లో మహేష్ తండ్రిగా ఎంత నెమ్మదిగా చేశాడో చూశారుగా, అలాంటివి ఎన్ని రాశారు మనవాళ్లు?

నైజాం సెకండ్ షో:
బసిరెడ్డికి చుట్ట ఉందా అన్నా? మళ్లొకసారి చూసి రా, అప్పుడు మాట్లాడుకుందాం.